పరుగుకు ముందు సాగదీసిన కాళ్ళు

చెల్లెలు నాతో ప్రేమగా మాట్లాడిన ప్రతిసారీ ఏదో పని వంకతో లేచి వెళ్ళిపోతాను. ఏళ్ళుగా ఇంతే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను.

అప్పట్లో మేమిద్దరం లాలాపేటలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో రొట్టెలు చేసేదాన్ని. చెల్లెలు అక్కడే చదువుతూ ఐదు కిలోమీటర్ల పరుగు సాధన చేసేది. నాకప్పుడు చదువు రాదు. తార్నాకలో బస్సు బోర్డు నుంచి మందుల చీటీ దాకా అన్నీ తనే చదివి చెప్పాలి. రాష్ట్ర జట్టు సెలెక్షన్‌లో నెగ్గితే వేరే ఊళ్ళో క్యాంపుకు వెళ్ళిపోతుంది. తనకు అది సంబరం. మరి నేను? తను లేకుండా ఈ ఊళ్ళో ఎలా తిరగాలి?

రోజూ పరుగు అయ్యాక తను పడుకుంటే, నేను కాలు పైకెత్తి వెనక్కి నొక్కి పట్టుకునేదాన్ని. హాయిగా ఉందనేది. సెలెక్షన్ రోజు పొద్దున తను నంబరు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు కోచ్ నా దగ్గరికి వచ్చాడు. పరుగుకు ముందు అలా సాగదీసి పట్టుకోవద్దని, కాళ్ళలో సత్తువ తగ్గుతుందని, మెల్లగా కాసేపు ఉరికితే చాలని తనకు చెప్పమన్నాడు. తలూపాను.

తను వచ్చి గ్రౌండ్ పక్కన గడ్డిమీద పడుకుంది.

"అక్కా, పిక్కలు గట్టిగైనయ్. జర పట్టు."

పట్టాను. వదల్లేదు.

"సాలక్కా! నా కాళ్ళేమన్నా రుమాలీ రోటీనా, గంతగనం గుంజుతున్నవ్?"

"సారే చెప్పిండు. ఇంకింతసేపు పట్టుమన్నడు."

"సార్ చెప్పిండా? అయితే గుంజు."

రెండో కాలు తనే నా చేతికిచ్చింది. అప్పుడైనా ఆపేయాల్సింది. ఎందుకు ఆపలేదు?

ఆఖరి చుట్టులో ఒకమ్మాయి తనను దాటిపోయింది. ఆ ఒక్క స్థానంతోనే సెలెక్షన్ పోయింది. కాళ్ళు ఎందుకో లేవలేదని నా భుజంమీద పడి ఏడ్చింది. నేను వీపు నిమిరాను. అవే చేతులతో.

తర్వాత తను పరుగు మానేసింది. సాయంత్రాలు ఖాళీ కదా అని, నన్ను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది.

ఆ చదువుతోనే ఈమధ్య పేపర్లో ఆరోగ్యం పేజీ చదివాను. ముందుగా సాగదీస్తే దూరపు పరుగుకు కొంచెం నష్టం ఉండవచ్చట, చాలామందికి తేడాయే తెలియదట. మళ్ళీ మళ్ళీ చదివాను. అంటే తను ఓడింది నావల్ల కాదేమో? ఆ అమ్మాయే గట్టిదేమో? ఒక పూట మనసు తేలికపడింది కూడా. కానీ ఆ కాలు నొక్కి పట్టినప్పుడు నాకు ఇదేమీ తెలియదు. నష్టం జరుగుతుందనే అనుకున్నాను. జరగాలనే పట్టాను.

తనకు ఇంకా చెప్పలేదు. తిడుతుందని కాదు, తిట్టకుండా ఊరుకుంటుందేమోనని భయం.

నా చెల్లెలు ఓడిపోవాలని నేను కోరుకున్నాను. తను నేర్పిన అక్షరాలతోనే ఈ వాక్యం రాశాను. కొట్టేయలేదు.