చువ్వకు అంటిన మట్టి

మా ఇంట్లో ఉప్పు డబ్బా మూత నేను తియ్యను. పక్కన పెట్టుకుని తినమన్నా తినను. ముసలాడి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ముప్పై ఏళ్లకు పైగా ఒక్క మాట మోస్తున్నాను. దింపుకోవడానికి చోటు దొరకలేదు. దొరకలేదనడం కూడా అబద్ధమే, వెతకలేదు. ఇప్పుడు మీతో చెబుతున్నాను. మీరు నాకు ఏమీ కారు, అందుకే ధైర్యం.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. ఉప్పు మీద పన్ను ఎత్తేశారు, ఎవరు పడితే వాళ్లు ఉప్పు కంపెనీలు పెడుతున్నారు. నేను విజయనగరంలో ఒక ఆడిటరు దగ్గర గుమాస్తాని. ఆయన పెద్ద మనిషి, మోకాళ్ల నొప్పులు. నౌపడ దగ్గర ఒక కంపెనీ లెక్కలు మా ఆఫీసుకు వచ్చాయి. వేసవిలో ఉప్పు కుప్పలు కొలిచి, ఇనపచువ్వ దింపి లోపల ఏముందో చూసి రమ్మని నన్ను ఒక్కణ్ణే పంపారు. పంపేటప్పుడు ఒకే మాట చెప్పారు. “వాళ్లు చూపించిన చోట చువ్వ దింపకు. నీకు తోచిన చోట దింపు.”

రైలు దిగేసరికి కంపెనీ మేనేజరు ఎదురొచ్చాడు. నాకు గొడుగు పట్టించాడు. ఉప్పు మడుల గట్ల మీద ఒక మనిషి కుర్చీ నెత్తిన పెట్టుకుని మా వెనకే నడిచాడు, నేను ఎక్కడ ఆగితే అక్కడ వెయ్యడానికి. మేనేజరు నన్ను ఆడిటరు గారూ అన్నాడు. అంతకు ముందు నన్ను ఎవరూ గారూ అనలేదు. మా ఊళ్లో నేను దున్నే వాళ్ల కుర్రాణ్ణి, ఆఫీసులో ఒరేయ్‌ని. ఆ పిలుపుకు నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఇది రాయడానికి సిగ్గేస్తోంది గానీ, అసలు సంగతి ఇదే.

కుప్పలు ఇళ్లంత ఎత్తు. పైన తాటాకు కప్పు. నిడివి, వెడల్పు, ఎత్తు కొలిచాను. మేనేజరు ఆకు తొలగించి చూపించిన చోటల్లా ఇనపచువ్వ దింపాను. అంతా తెల్లటి ఉప్పే. చివరి కుప్ప దగ్గర మా ఆడిటరు మాట గుర్తొచ్చింది. నా గొప్ప చూపించుకోవడానికేనేమో, వెనక వైపు వెళ్లి నా చేత్తోనే ఆకు తీసి పొడిచాను.

ఉప్పులో చువ్వ దిగుతుంటే చేతికి గరుకు తెలుస్తుంది. మూరెడు లోతు దాకా ఆ గరుకు ఉంది. తరవాత పోయింది. చువ్వ చప్పుడు లేకుండా మెత్తగా దిగిపోయింది. బయటికి లాగితే కొసన నల్లమట్టి.

గట్టుమట్టిని కుప్ప పోసి, పైన మూరెడు మందాన ఉప్పు కప్పారు. అర్థం కావడానికి క్షణం పట్టలేదు. తలెత్తాను. మేనేజరు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. బతిమాలలేదు. బెదిరించలేదు. భుజం మీద కండువా తీసి నా చేతికి అందించాడు.

నేను చువ్వ తుడిచాను. మట్టి లోపలికి వచ్చేలా కండువా మడిచి తిరిగి ఇచ్చాను. “ఎండగా ఉన్నాది, మజ్జిగ తాగుదురు గాని రండి ఆడిటరు గారూ” అన్నాడతను. వెళ్లి తాగాను. మిగతా కుప్పల వెనక్కి వెళ్లి చూడలేదు. కుప్పలన్నీ స్వయంగా పరీక్షించానని రాసిచ్చాను. నా మాట మీద మా ఆడిటరు సంతకం పెట్టారు.

లంచమా? ఒక్క కానీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేది, ఆ డబ్బు మీదకు నెట్టేసేవాణ్ణి. మరి ఎందుకు చేశాను? ఆ కుర్చీ కోసమా? ఆ గారూ కోసమా? నోరు విప్పితే జరగబోయే గొడవకు భయపడ్డానా? ఇన్నేళ్లుగా ఇవే తిప్పి తిప్పి అడుగుతున్నాను, ఏ రోజుకు ఏ జవాబు సులువైతే ఆ జవాబే చెప్పుకుంటున్నాను.

అక్కడితో ఆగితే ఇంత కాలం మోసేవాణ్ణి కాదేమో. నెల తిరక్కుండానే ఆ కంపెనీ కొత్త వాటాలు అమ్మకానికి పెట్టింది. మా అప్పను, అంటే మా పెద్దక్కను, పాతపట్నం దగ్గర పల్లెలో ఇచ్చాం. నేను చూడ్డానికి వెళ్లాను. భోజనాల దగ్గర మా బావ ఆ ఊసు ఎత్తాడు. చెరువు కింద పల్లం చేను అమ్మి వాటాలు కొంటాడట. అప్ప గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. బావ నా వైపు తిరిగాడు.

“ఒరే, కాయితాల మీద రాత నాకు తెల్దు. నువ్వు ఎళ్లి సూసినావంట కదా. ఉప్పు ఉన్నాదా, నేదా? అదొక్కటీ సెప్పు.”

నీళ్లు తాగాను. “ఉన్నాది బావా. నేను సూసినాను.”

“అయితే మరేటి” అని బావ నిమ్మళంగా అన్నం కలుపుకున్నాడు. అప్ప సంతోషంగా నా కంచంలో ఇంకో గరిటె పులుసు వేసింది. అది కూడా తిన్నాను.

లేదు అంటే, మరి ఉందని ఎలా రాశావురా అని అడుగుతాడు. నా రాత నిలబెట్టుకోవడానికి ఆయన చేను పోనిచ్చాను. అంతే. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఆశ్వయుజంలో గాలివాన పట్టుకుంది. కుప్పలన్నీ కరిగిపోయాయని ప్రకటించి కంపెనీ వాళ్లు తలుపులు మూశారు. వానకు ఉప్పు కరుగుతుంది, మట్టి దిబ్బ ఎక్కడికి పోతుంది? వెళ్లి చూస్తే తెలిసేది. వాటాదార్లలో ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

బావ తన చేలోనే కౌలుకు దిగాడు. అప్ప ఊడుపులకు కూలికి వెళ్లింది. ఊళ్లో వాళ్లు నా పేరెత్తి నాలుగు మాటలంటే బావ ఊరుకోలేదట. నేను వెళ్లినప్పుడు నాకే ఎదురు ధైర్యం చెప్పాడు.

“నువ్వేటి సేత్తావురా? ఉప్పు ఉన్నాదన్నావు, ఉన్నాది. వాన వొత్తాదని నీకేటి తెలుసు?”

నాకు ఏడుపు ఆగలేదు. తన కోసమే ఏడుస్తున్నాననుకుని భుజం మీది తువ్వాలు తీసి నా మొహం తుడిచాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

తరవాత పరీక్షలు పాసై నేనూ ఆడిటరునయ్యాను. నిక్కచ్చి మనిషినని పేరొచ్చింది. పండగలకు అప్పకు డబ్బు పంపితే, ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడని ఊరంతా మెచ్చుకుంది. అలా మెచ్చుకుంటూనే అప్ప పోయింది.

బావ ఉన్నాడు. చూపు ఆనదు, ఊసులు మాత్రం తగ్గలేదు. మొన్న వెళితే మనవలను చుట్టూ కూచోబెట్టుకుని మళ్లీ ఆ కుప్పల కథే చెబుతున్నాడు. ఇంతెత్తు ఉప్పు, ఒక్క వానతో పోనాదని. నా వైపు తిరిగి “కదరా?” అన్నాడు. “అవును బావా” అన్నాను. ఆ అబద్ధం ఒక్కసారే ఆడానని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. వెళ్లినప్పుడల్లా ఆడుతూనే ఉన్నాను.

బావకు చదువు రాదు. ఈ కాగితం ఆయనకు చేరదు. అది తెలిసే రాస్తున్నానని కూడా ఒప్పుకోవాలి. రేపు వెళితే ఎదురుగా చెబుతానా? మాటివ్వలేను, నా మాటకు విలువేమిటో మీకు తెలిసింది కదా. అయినా ఇక్కడిదాకా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆనాడు ఆ కంచం ముందు చెప్పాల్సిన జవాబు ఇన్నాళ్లకు ఒక్కసారి రాసుకోనివ్వండి.

ఉప్పు నేదు బావా. లోన మట్టి ఉన్నాది. నేను సూసినాను.