ఒరిగిన ఏడు

గడియారాల రిపేరు మానేశాక ఆయన యుద్ధవిమానాల నమూనాలు చేస్తున్నాడు. కలిపిన రంగును ముందుగా బొటనవేలి గోరు మీద పూసి చూసుకుంటాడు కాబట్టి, ఆ గోరు ఎప్పుడూ సముద్రం రంగులోనే ఉంటుంది. ఈసారి చేసింది యుద్ధం నుంచి తిరిగిరాని ఒక నౌకాదళ పైలట్ విమానం, అతని చెల్లెలు అడిగితే. పాత ఫోటోలో తోక మీది ఏడు అంకె పక్కకు ఒరిగి ఉంటే, ఆయనా అలాగే రాశాడు.

"నిటారుగా దిద్దండి. మీ చెయ్యి వణికిందనుకుంటుంది ఆవిడ," అంది భార్య.

దిద్దలేదు గానీ, పైలట్ చెల్లెలు వచ్చి కళ్లజోడు సవరించుకునేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముసలావిడ చూపు అంకె దగ్గరే ఆగింది.

"తనే రాసుకున్నాడట. మా అన్నయ్య ఏడు ఎప్పుడూ ఇలాగే తూలేది. బళ్లో దెబ్బలు కూడా తిన్నాడు," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"అయితే వణకలేదన్నమాట," అంది భార్య.

ఆయన హాయిగా కుర్చీలో కూర్చుని, గోటి మీది రంగు గీకడం మొదలుపెట్టాడు.