పదకొండు రోజుల ఉద్యోగం

మా ఇంట్లో నేను ఎందుకు ఏడ్చినా కారణం ఒక్కటే. గురువారం పొద్దున కాలేజీ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూసి వంటింటి గడప మీద కూలబడ్డాను. అమ్మ పిండి చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది. "ఊకో బిడ్డా. గిది పోతే ఇంకోటొస్తది. బావ సూస్తుండు గద" అంది. బయట ఆటో తుడుస్తున్న నాయిన అక్కడి నుంచే అడిగాడు: "మల్ల రిజెక్ట్ చేసిన్రా?"

మా ల్యాబ్ మేడం పోయారు. కూతురికి టిఫిన్ డబ్బా కడుతూ వంటింట్లోనే పడిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే గుండె ఆగిపోయిందన్నారట. ఇంకా యాభై కూడా నిండలేదు.

ఆ మాట చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "ఎవరు, గా కంప్యూటర్లు తుడిసే మేడమా?" అంది. అమ్మ తప్పేమీ లేదు. నా చదువుకు సంబంధించి అమ్మ ఒకే ఒక్కసారి కాలేజీకి వచ్చింది. ఆ రోజు మేడం చేతిలో తుడిచే గుడ్డే ఉంది. అయినా, ఆ ప్రశ్నకు నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఉద్యోగం రాలేదని ఇంతగా ఏడవకూడదని నాయిన ఇంకో రెండు మాటలు చెప్పి, ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

మాది శామీర్‌పేట. కాలేజీ కండ్లకోయలో. మేడం పాఠాలు చెప్పేవారు కారు, పాఠాలు సార్లవి. కాగితం మీద ఆమె హోదా ప్రోగ్రామర్. చేసే పని మాత్రం చెడిపోయిన మౌస్‌లు మార్చడం, వైర్లు బిగించడం, హాజరు తీసుకోవడం, సార్ వచ్చేలోపు అరవై మెషీన్లూ నడుస్తున్నాయో లేదో చూడటం. స్క్రూడ్రైవర్ ఎప్పుడూ జడ ముడిలో గుచ్చుకుని ఉండేది. చలికి ముడుచుకుని కూర్చుంటే, "ఏసీ మిషన్లకు పెట్టిన్రమ్మా, మనకు గాదు. రేపటి సంది స్వెటర్ తెచ్చుకోండ్రి" అనేవారు. సార్‌ని అడగడానికి భయపడే ప్రశ్నలన్నీ ఆమె దగ్గరికే వెళ్లేవి. తనకు తెలియనిది అడిగితే నవ్వి, "నాకు రాదు. ఆగు, ఇద్దరం సూద్దాం" అని స్టూలు లాక్కునేవారు. రాదు అని అంత హాయిగా అనే పెద్దవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

మా ల్యాబ్‌లో మెషీన్‌కు ఇద్దరు. పక్కన అబ్బాయి ఉంటే కీబోర్డు అతని ముందుకు వెళ్లిపోయేది. ఎలా వెళ్లేదో ఎవరూ గమనించేవారు కాదు. ఆడపిల్లలం మేము చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర మీద తప్పు అక్షరం పడితే చూపించేవాళ్లం. మొదటి ఏడాదంతా నా చదువు అదే. రెండో ఏడాది మేడం ఒక పద్ధతి పెట్టారు. పావుగంటకోసారి స్టూలు మీద డస్టర్‌తో కొట్టేవారు. ఆ చప్పుడు వినగానే కీబోర్డు పక్కకు జరపాల్సిందే. "మేడం, సగం టైప్ చేసిన!" అని అబ్బాయి గోల పెడితే, "మిగతా సగం ఆమె జేస్తది. నువ్వు సూడు, సూసుడు గూడ సదువేనని మొన్నటిదాంక ఆమెకు చెప్పినవ్ గద" అనేవారు.

ఇంకో సంగతి. ల్యాబ్ రికార్డు అని ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. చేసిన ప్రోగ్రాములు, వాటి ఫలితాలు చేత్తో రాసి సార్ సంతకం చేయించుకోవాలి. మా దగ్గర ప్రోగ్రాం నడిపి రాసేవాళ్లు తక్కువ. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, కాలేజీ బస్సులో కుదుపుల మధ్యే రాసేస్తాం. నేనూ అలాగే రాశాను. ఫలితంతో పాటు మా సీనియర్ అక్క హాల్‌టికెట్ నంబరు కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో దించేశాను. సార్ టేబుల్ దాకా వెళ్లకముందే మేడం పుస్తకం తిరగేశారు.

"ఏమ్మా, నీ నంబరు ఎప్పుడు మారింది?"

ల్యాబంతా నవ్వింది. మేడం నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి ఆ ప్రోగ్రాం నడపమన్నారు. అది నడవలేదు.

"రాయి, నడవలేదని. ఏ లైన్ కాడ ఆగిందో గది గూడ రాయి."

"సార్ సంతకం పెట్టరు మేడం."

"పెట్టకుంటే పెట్టకపాయె. ఎక్కడ ఆగిందో తెలుస్తది గద నీకు."

సార్ నిజంగానే రెండు వారాలు సంతకం పెట్టలేదు. మూడో వారం ప్రోగ్రాం నడిచింది. ఆ సంబరంలో బస్సు అందుకోలేకపోయాను. మేడం హైవే దాకా నాతో నడిచి వచ్చి, ఆటోలో ఇంకో ఆడమనిషి ఉందో లేదో చూసి మరీ ఎక్కించారు.

చదువు అయిపోయి ఏడాదిన్నర దాటింది. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ వాయిదాలు పడి పడి, చివరికి ఒక చిన్న మెయిల్‌తో పోయింది. ఆ తర్వాత ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లానో లెక్క పెట్టడం మానేశాను. మెట్రోలో నిద్రపోవడం, ఫ్రెషర్లు వద్దంటే తల ఊపడం, తిరిగొచ్చి అమ్మ ముఖం చూడకుండా కాళ్లు కడుక్కోవడం, అన్నీ అలవాటైపోయాయి.

అప్పుడు మా అక్క భర్త, బావ, ఒక దారి చూపించాడు. తెలిసిన కన్సల్టెన్సీ ఒకటి ఉంది. నేను మూడేళ్లు ఎక్కడో పనిచేసినట్టు లెటర్ ఇస్తారు, అడిగితే ఫోన్‌లో అవునని చెప్తారు. బావ చెడ్డవాడు కాడు. అక్కను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాడు. "నేను గట్లనే ఎక్కిన మరదలా. ఇయ్యాల నా టీంల ఆరుగురున్నరు. లోపలికి పోయినంక అన్ని అవే వస్తయ్" అన్నాడు. ఈ వచ్చే సోమవారం అక్కడికి తీసుకెళ్తానన్నాడు. అదే వారం కండ్లకోయలో ఒక చిన్న కంపెనీ ట్రైనీగా రమ్మంది. ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టింగ్ పని. నాతో చేరేవాళ్లంతా నాకంటే చిన్న బ్యాచ్. శనివారం లోపు అవునో కాదో చెప్పాలి. "జూనియర్ల పక్కన కూసుని మల్ల అ ఆలు దిద్దుతవా?" అని అక్క. నేను ఏదీ తేల్చకపోతే అందరూ కలిసి దానికి పొగరు అని పేరు పెట్టారు.

పోయిన ఆదివారం మేడ్చల్‌లో మేడం ఇంటికి వెళ్లాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నాకూ ఒక గుప్పెడు ఇచ్చి, పని చేస్తూనే చెప్పమన్నారు. చెప్పాను. ఆమె ఇంకో నాలుగు కాయలకు ఈనెలు తీశారు.

"నేను గూడ గట్లాంటి లెటర్ పెట్టిన" అన్నారు తర్వాత.

నేను చేతిలోని చిక్కుడుకాయలు కింద పెట్టాను.

పాప పుట్టకముందు నాలుగేళ్లు ఆమె సిటీలో నిజంగానే ప్రోగ్రామర్. పాప కడుపులో ఉండగా అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఉద్యోగం మానేశారు. ఆరేళ్ల తర్వాత మళ్లీ బయలుదేరితే, ఆ ఆరేళ్లు ఏం చేశావని ప్రతిచోటా అడిగారట. విసిగిపోయి ఆ ఆరేళ్లకూ ఒక లెటర్ సంపాదించారు. ఉద్యోగం వచ్చింది. పదకొండో రోజు, లెటర్‌లో ఉన్న కంపెనీ అసలు లేదని తేలింది. మధ్యాహ్నం భోజనం ముందర నుంచి లేపి పంపించేశారు.

"దొరికినందుకు నేనేం బాధపడలే. గా పదకొండు రోజుల సంగతే యాదికొస్తది" అన్నారు. "పక్క సీట్ల ఒక పిల్ల ఉండె. మంచి పిల్ల. నాకు అర్థం కానిది ఆమెను అడగొచ్చు. అడిగితే, పదేండ్ల అనుభవం ఉన్నదానికి గిది రాదా అంటదేమోనని భయం. నాకు నిజంగ వచ్చిన పని గూడ చేతుల్నుంచి జారిపోయింది. అడగకుండ పని నేర్చుకున్నోళ్లను నేనైతే సూడలే."

"అయితే వద్దంటారా మేడం?"

"నేను చేసినదాన్నే, నీకెట్ల వద్దంట? మీ ఇంట్ల కష్టం నాకు తెల్వదు. నువ్వు సూస్కో."

నాకు కోపం వచ్చింది. అవునో కాదో ఒక్క మాట కోసం అంత దూరం వెళ్లాను. టీ తాగమంటే ఆలస్యమవుతుందని చెప్పి లేచాను. ఆమె వాకిలి దాకా వచ్చి, కాళ్ల నొప్పి అనుకుంటా, తలుపు పట్టుకుని నిలబడ్డారు. నేను వెనక్కి చూసి చెయ్యి ఊపలేదు.

గురువారం మధ్యాహ్నానికి ఆ ఇంటి ముందు మా కాలేజీ ఆడపిల్లలు పది మంది దాకా చేరారు. అన్నీ వేర్వేరు బ్యాచులు. కొందరు ఆఫీసు నుంచి నేరుగా వచ్చారు, ఐడీ కార్డులు మెడలోంచి తీయడం కూడా మరిచిపోయి. ఒకరి చంకలో ఏడాది పాప. పెద్ద పెద్ద ఉద్యోగాలు ఎవరివీ కావు. ఒకామె రాత్రి షిఫ్ట్ దిగి వచ్చానంది. ఇంకొకామె, "పిల్ల పుట్టినంక మల్ల జాయిన్ అయిన అక్కా. రోజు ఏదన్న ఒకటి అడుగుతనే ఉంట, మా టీం లీడ్ తల పట్టుకుంటడు" అని చెప్పి, నవ్వబోయి ఏడ్చింది. సంతకాలు పెట్టే సార్ కూడా వచ్చారు. దండ పెట్టి, గోడవార నిలబడ్డారు. మేడం కూతురు మా అందరికీ వరసగా మంచినీళ్లు ఇచ్చింది. ఎవరో గ్లాసులు తన చేతిలోంచి తీసుకునేదాకా అలా ఇస్తూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కాను. పక్కన నా వయసు అమ్మాయి. ల్యాప్‌టాప్ బ్యాగు రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని ఉంది. ఆటో కదిలిన కాసేపటికే నిద్రలో ఆమె తల నా భుజం మీద వాలింది. జుట్టుకు చెమట, ఏసీ గదుల వాసన. ఆటో గుంతల్లో ఎగిరినా లేవలేదు. బ్యాగు మీద చేతులు మాత్రం వదల్లేదు. నా సంచిలో ఫోన్ మోగి మోగి ఆగింది, బావే అయ్యుంటాడు. శామీర్‌పేట చెరువు కట్ట కనిపించేదాకా నేను భుజం కదపలేదు.

శుక్రవారం పొద్దున ట్రైనీ ఉద్యోగానికి వస్తానని మెయిల్ పెట్టాను. బావ ఇప్పించే లెటర్ తీసుకోవడం లేదు. నా రెజ్యూమేలో ఏడాదిన్నర ఖాళీగానే ఉంటుంది. సోమవారం చేరుతున్నాను.