రేపల్లె ఫోల్డరు

తెనాలిలో మా ఇంట్లో పాటలు రెండు వాటాలు. నావో ఫోల్డరు, మా తోడికోడలివో ఫోల్డరు, రెండూ హాల్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోనే. నా ఫోల్డరులో ప్రతి పాటకీ రాగం, పాడినవారు, రాసినవారు, అన్నీ అచ్చుతప్పు లేకుండా ఉంటాయి. బాపట్లలో మా నాన్న క్యాసెట్లకి చీటీలు అంటించేవారు, అక్కడ పట్టుకుంది నాకీ అలవాటు. ఆమె ఫోల్డరులో ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘బాగుంది’, ‘ఇదే అది’. దానికంటే చెత్తబుట్ట నయం.

అయినా పొద్దున్నే పూలు కట్టుకుంటూ మా అత్తయ్య పిలిచేది చిన్నకోడల్నే. “ఏమ్మా, నీ పాటలు పెట్టు!” ఆవిడ పుట్టిల్లు రేపల్లె. ఈమెదీ రేపల్లే. ఊరి అభిమానంలే అని సరిపెట్టుకోబోయాను, కుదరలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నది నేను, నిన్నగాక మొన్న వచ్చింది తను. మజ్జిగ తాగితే తగ్గే కడుపుమంట కాదది.

పోయిన వేసవిలో ల్యాప్‌టాప్ నిండిపోయింది. రెండేసిసార్లు ఉన్న పాటలు తీసేసి, ఫోల్డర్లు కలిపేస్తానన్నాను.

“మీరే సర్దండక్కా, నాకంత ఓపిక లేదు” అని నవ్వింది.

నవ్వితే నవ్వింది. సర్దడం పేరుకే. ఆమె ఫోల్డరన్నది మిగలకూడదు, అదీ నా ఉద్దేశం.

అత్తయ్యా, ఆమే కలిసి రేపల్లెలో పేరంటానికి వెళ్ళిన రోజు చూసి కూర్చున్నాను. ఒక్కొక్కటే విని, ఉంచేదానికి పేరు పెడుతూ, మిగతావి తీసేస్తున్నాను. ‘వంటింట్లో’ అని ఒకటి వచ్చింది. ముందు కుక్కరు కూత. తర్వాత మా అత్తయ్య గొంతు. మంగళహారతి పాడుతున్నారు, హాయిగా, గొంతెత్తి. నేను కాపరానికొచ్చాక ఆవిడ నోట ఒక్క పాట వినలేదు. ఆవిడకి పాటలు రావనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పాట అయ్యాక తోడికోడలి గొంతు. “ఎంత బాగా పాడారండీ అత్తయ్యా! అక్కకి కూడా వినిపిస్తాను.”

“వద్దొద్దు. పెద్దదానికి వినిపించకే. తప్పులు పట్టుద్ది.”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. అంత మాట పడేదాన్నా నేను అనుకుంటూ మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుని విన్నాను.

రెండో చరణంలో తాళం తప్పింది.