చాప పరచకుండా వచ్చేశాం

నాకు ఓర్పు తక్కువ. ఈ సంగతి మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీతో పాటే అందిస్తారు. ఇక్కడ, అమెరికాలో, ఒక ఆసుపత్రిలో నర్సులకు డ్యూటీలు వేసే ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఓర్పులేనితనమే నాకు అన్నం పెట్టింది. ఎవరు సెలవు పెట్టినా నిమిషాల మీద ఇంకొకరిని పట్టుకొచ్చేదాన్ని. రిటైరయ్యాక రెడ్‌మండ్‌లో కూర్చుని ఆయన్ని సాధించడం దేనికని, ఒక యూనివర్సిటీ వాళ్ళు పాఠాలు చెప్పమంటే ఒప్పుకున్నాను. పసిఫిక్ సముద్రంలోని చిన్న చిన్న దీవుల నుంచి ఆరోగ్యశాఖ మేనేజర్లు కొన్ని వారాల శిక్షణకు వస్తారు. ఉన్న నర్సులతో ఆసుపత్రి ఎలా నడపాలి, వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోకుండా ఎలా నిలుపుకోవాలి అన్నది నా పాఠం. దేశం వదిలొచ్చిన మనిషిని నేను, నేను చెప్పాలి. నవ్వుకోండి, నాకూ నవ్వే వస్తుంది.

మొదటి క్లాసులోనే ఒకావిడ చెయ్యెత్తింది. యాభై దగ్గర వయసు, నిండుగా ఉండే మనిషి. చలికి ఆగలేక స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని కూర్చుంది.

“టీచర్, వార్డు మొత్తానికి ఉన్నది ఒక్క నర్సే అయితే డ్యూటీలు ఎలా వేయాలి?”

చేతిలో ఉన్న డ్యూటీల చార్టు మడిచి పక్కన పెట్టాను. క్లాసంతా నవ్వింది, ఆవిడ తప్ప.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. ఎందుకో నాకు మాత్రం ఆవిడ మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

ఆ ఆదివారం ఆవిడను భోజనానికి తీసుకొచ్చాను. మా ఆయన దగ్గరుండి పప్పుచారు పోసి, “స్పైసీగా ఉంటే యోగర్ట్ కలుపుకోండమ్మా” అంటూ కొసరి కొసరి వడ్డించారు. తిన్నాక ఆవిడ అసలు సంగతి చెప్పింది. వాళ్ళ దీవిలో పురుళ్ళు పోసే నర్సు ఒక్కతే మిగిలింది. ఆమె కూడా ఈ ఏడాదితో రిటైరవుతోంది. ఆమె స్థానంలో ఇంకొకరు రాకపోతే పురుడు గదికి తాళం పడుతుంది. ఆ తర్వాత నిండు చూలాళ్ళు పడవెక్కి పెద్ద దీవికి పోవాల్సిందే. గాలివాన రోజుల్లో ఆ సముద్రం మీద పడవ ప్రయాణమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టే.

“మా నర్సు ఒకతె ఇక్కడే ఉంది టీచర్. పని నేర్పింది నేనే. తన చేతిలో పోయిన బిడ్డ లేదు. దాన్ని అడగడానికే వచ్చాను. ఈ ట్రైనింగ్ పేరు చెబితే టికెట్ ఇచ్చారు.”

అని, సూట్‌కేసులోంచి బట్టలో చుట్టిన ఒక చాప తీసింది. ఆవిడే అల్లిందట. వాళ్ళ దగ్గర ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు తాము అల్లిన చాప తెచ్చి, ఎదుటివాళ్ళ ముందు పరిచి, దాని మీద కూర్చుని ఏదైనా అడిగితే కాదనడమన్నది ఉండదు. మనవాళ్ళు బొట్టు పెట్టి పిలిస్తే వెళ్ళక తప్పనట్టే, కాకపోతే ఇది అంతకు పదింతలు. చాప పరిచాక కాదన్నవాళ్ళ ఇంటి మొహం మళ్ళీ ఎవరూ చూడరట.

“ఇంకేం, పని అయిపోయినట్టే!” అన్నాను. నా తొందర నాది.

తరవాతి శనివారం నా కారులోనే బయల్దేరాం. వాన, హైవే మీద ట్రాఫిక్, గంటన్నర పట్టింది. పాత అపార్ట్‌మెంట్ల వరసలో కింది ఇల్లు. ఆ నర్సుకు నలభై దాటి ఉండవు. ఒక వృద్ధాశ్రమంలో నైట్ షిఫ్టు చేసి అప్పుడే వచ్చినట్టుంది, ఒంటి మీద డ్యూటీ బట్టలు అలాగే ఉన్నాయి. వాళ్ళ లైసెన్సు ఇక్కడ చెల్లదు. అంతమందికి పురుళ్ళు పోసిన చేతులు ఇక్కడ ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తున్నాయి.

సోఫాలో ఆమె భర్త ఉన్నాడు. మనిషి మంచి పొడగరి, కానీ ఒళ్ళంతా వాడిపోయింది. చేతికి కట్టు ఉంది.

“డయాలసిస్ అండీ. వారానికి మూడుసార్లు నన్ను ఉతికి ఆరేస్తారు” అన్నాడు నవ్వుతూ.

వాళ్ళ దీవిలో ఆ మెషీన్ లేదు. పెద్ద దీవిలోనూ లేదట. ఈ సంగతి నాతో వచ్చినావిడకు అప్పటిదాకా తెలియదు. అతనికి ఒంట్లో బాగుండడం లేదని మాత్రమే విన్నదట. ఆవిడ మొహం నేను చూశాను. చాప పక్కన పెట్టుకుని, కుర్చీ అంచున అలాగే కూర్చుండిపోయింది.

నర్సు గుమ్మంలోనే ఆ బట్టచుట్టను ఒక్కసారి చూసింది. మళ్ళీ చూడలేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళి చేపలు వేయించింది, అన్నం వండింది, కూర్చోమన్నా కూర్చోలేదు. అందరం తిన్నాం. ఊళ్ళో ఎవరి కూతురికి పెళ్ళయింది, ఎవరి పడవ మునిగింది, అన్నీ మాట్లాడుకున్నారు. దీవిలోనే ఉన్న తన చెల్లెలికి ఇంకా పిల్లల్లేరని నర్సు బెంగపడింది. అసలు మాట మాత్రం రాలేదు. నాకు కూర్చున్నచోట ముళ్ళు గుచ్చుకున్నట్టుంది. ఆవిడ మొహమాటపడుతోందేమో, మనవాళ్ళలో పెద్దమనుషులు మాట కదిపినట్టు నేనే కదుపుదామని గొంతు సవరించుకున్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

చివరికి లేచింది. చాపను చుట్టిన చుట్టలాగే తీసి నర్సు భర్త చేతుల్లో పెట్టింది. “నీ నడుముకి మెత్తగా ఉంటుంది” అంది. పరచకుండా చేతికిస్తే అది కానుక, అంతే. నర్సు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

కారెక్కగానే నా నోరు ఊరుకోలేదు. “ఏమిటమ్మా ఇది! సముద్రాలు దాటించి మోసుకొచ్చి, ఊరికే ఇచ్చేసి వస్తావా? అడిగితే నీ సొమ్మేం పోయింది?”

“అడిగితే వస్తుంది టీచర్. భయం అదే. అది వస్తే మొగుణ్ణి ఒక్కణ్ణీ వదిలి రాదు. వెంట తెస్తే అతను నెల బతకడు. నాకు నర్సు దొరుకుతుంది, దానికి మొగుడుండడు.” సీటుబెల్టు పెట్టుకుంటూ, “నాకు మేనేజరు పని రాదేమో” అని అద్దం వైపు తిరిగి ఏడ్చింది. వైపర్లు ఆడిస్తూ ఇంటికి తీసుకొచ్చాను.

గుమ్మంలోనే మా ఆయన, “ఏమోయ్, సక్సెస్సా?” అన్నారు.

“మీరు కాస్త ఊరుకుంటారా!” అని కసిరాను. పాపం, ఆయన చేసిన తప్పేముంది.

శిక్షణ ముగిశాక ఆవిడ తన దీవికి వెళ్ళిపోయింది. చెప్పినట్టే ఏడాది చివర పురుడు గది మూశారు. నేను ఊరుకోలేదు. తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేశాను. రెండేళ్ళ కోసమైనా అంత దూరం వెళ్ళేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. నిమిషాల్లో నర్సుల్ని పట్టుకొచ్చేదాన్నని నాకున్న గొప్ప అక్కడితో సరి.

ఆ తరవాతి ఏడు చలికాలంలో, పగటిపూట కూర తరుగుతుంటే ఆవిడ ఫోన్ చేసింది. ఇక్కడి నర్సు చెల్లెలికి కడుపు పండిందని అంతకుముందే చెప్పింది. ఇప్పుడు ఆ పిల్లకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయట. సముద్రం బాగాలేదు. అయినా పడవెక్కించారు. దారిలో రక్తం ఆగలేదు. బిడ్డ దక్కింది, తల్లి పోయింది. ఫోనులో ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

“నేను రాలేను టీచర్. మీరు వెళ్ళి దాన్ని చూసి రండి” అంది.

అన్నం, పప్పు వండి పట్టుకెళ్ళాను. చావింటికి మనం తీసుకెళ్ళేది అంతే కదా. నర్సు తలుపు తీసి, నన్ను చూసి పక్కకు తప్పుకుంది. అతను లోపల నిద్రపోతున్నాడు. ఆమె ఏడవడం లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. “నీకు పని నేర్పినావిడకి నువ్వంటే ప్రాణం తల్లీ. ఆ రోజు నిన్ను చూసిపోదామనే వచ్చింది” అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఎందుకొచ్చిందో నాకు తెలుసు టీచర్. గుమ్మంలోనే తెలిసిపోయింది. ఆ చేపలు వేయించినంతసేపూ, ఆవిడ నోటి వెంట ఆ మాట రానివ్వకు దేవుడా అని మొక్కుకున్నాను. అక్కడ నేనే ఉంటే నా చెల్లెలు బతికేది.”

నేను వద్దన్నట్టు ఆమె భుజం పట్టుకున్నాను.

“దేవుడు నా మాట విన్నాడు టీచర్” అంది.

లోపల్నించి అతను పిలిచాడు. డయాలసిస్‌కి టైమైంది. ఆమె లేచి అతనికి కోటు తొడిగి, కారు తాళాలు తీసుకుంది.