అతి మర్యాదగల మెయిల్ సర్వర్

అమలాపురం పరువుని ప్రపంచం ముందు గోదావరిలో కలిపింది ఎవరంటే నేనే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

రెండు వేల మూడు ప్రాంతంలో సూర్రావు గారి ఇంటర్నెట్ సెంటర్లో మెయిల్ సర్వర్ పెత్తనం నాది. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకి ఈమెయిల్ చిరునామాలు మేమే ఇచ్చేవాళ్లం. సూర్రావు గారి మాట ఒకటే.

"గుమ్మంలోకొచ్చినోళ్లని బదులు చెప్పకుండా పంపకూడదండి."

"ఆయ్," అన్నాను. అనడమే కాదు, సర్వర్‌కి కూడా నేర్పాను. ఎవరి పేరున మెయిలొచ్చినా ముందు లోపలికి తీసుకుంటుంది. ఆ పేరుగలవారు మా దగ్గర లేకపోతే "క్షమించాలి, వారిక్కడ లేరండి" అని, వచ్చిన మెయిల్ మొత్తం జతచేసి, పంపినవారికి తిప్పి పంపుతుంది. ఎంత ముచ్చటపడ్డానో, నా మొహం!

చెత్త మెయిళ్లు పంపే వెధవలు తమ చిరునామా రాస్తారా? పరాయివాళ్లది రాస్తారు. మగతనం మాత్రల ప్రకటనని మా దగ్గర లేని, నోటికొచ్చిన పేర్లకి మా సెంటర్‌కి పంపేవారు. నా సర్వర్ దాన్ని భక్తిగా మోసుకెళ్లి, ఆ చిరునామా అసలు సొంతదారు, ఏ పాపమూ ఎరగని ఏ కెనడా పాస్టరు గారి చేతిలోనో పెట్టేది. చెత్త వాళ్లది, కూలి నాది! చివరికి ఆ చెత్త మేమే పంపుతున్నామనుకుని పెద్ద సర్వర్లన్నీ మమ్మల్ని వెలేశాయి.

సరిగ్గా ఆ రోజే మేరీరత్నం గారొచ్చారు. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఫ్యామిలీ వీసా కోసం పెళ్లి సర్టిఫికెట్ సాయంత్రంలోగా ఆయన కంపెనీకి చేరాలి.

"వెళ్లిందాండీ?"

"తిరిగొచ్చిందండి."

"మళ్లీ కొట్టండి."

"మన మెయిలంటేనే తీసుకోరంటండి."

"ఏళ్ల తరబడి ఫోన్లోనే కాపురం చేస్తన్నానండి నేను! అసలు మీరేం చేసేరు?"

చెప్పాను.

"మాత్రలా? మన సెంటర్ పేరు మీదా?" సూర్రావు గారు కుర్చీలోంచి లేచిపోయారు.

పళ్లు నూరుకుంటూ సర్వర్‌ని మార్చాను. ఇకమీదట గేటు దగ్గరే పేరు అడుగుతుంది. ఆ పేరు మా దగ్గర లేకపోతే మెయిల్ లోపలికే రాదు, తిప్పి పంపే పనే ఉండదు. పెద్ద సర్వర్లవాళ్ల కాళ్లావేళ్లా పడితే మధ్యాహ్నానికి వెలి ఎత్తేశారు.

"ఇప్పుడు పంపేద్దామాండీ?" అన్నారు మేరీరత్నం గారు.

"ఒక్క నిమిషమండి."

ఆ ఒక్క నిమిషమే కొంప ముంచింది. అంతమందికి ఆ దరిద్రం అందించి ఊరుకుంటే ఏం మర్యాద? వేలమందికి ఒకేసారి క్షమాపణ మెయిల్ కొట్టాను. ముక్కూమొహం తెలియని వేలమందికి, అడక్కుండా, ఒకే మెయిల్! అలాంటిదాన్ని ఏమంటారో ఇప్పుడు చంటిపిల్లలకి కూడా తెలుసు. క్షణాల్లో మళ్లీ వెలేశారు.

"మీ మర్యాదకో దణ్ణం బాబూ!" మేరీరత్నం గారు సర్టిఫికెట్ లాక్కుని రాజోలు బస్సెక్కేశారు. అమలాపురం సెంటర్లంటేనే ఆవిడకి నమ్మకం పోయింది. రాజోలు నుంచి చిటికెలో వెళ్లిందట.

కొన్నాళ్లకి మస్కట్ నుంచి ఆవిడ మెయిలొచ్చింది. "క్షేమంగా చేరేనండి. మీకు దణ్ణవెడతాను, దీనికి మాత్రం జవాబియ్యకండి."

ద్రాక్షారామం భీమేశ్వరుడి సాక్షిగా ఇవ్వలేదు. ఈ జన్మలో ఇవ్వను.