నీలం రింగు కోడి గోళ్లు

తూచే ముందు ఆమె త్రాసు పళ్లెం కింద వేలు పెట్టి చూస్తుంది. ఏమీ ఉండదు. అయినా చూస్తుంది. కోళ్ల పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను తూకాలక్క అంటారు. త్రాసునే నమ్మని మనిషి మొగుణ్ణి ఎలా నమ్మిందో అని నవ్వుతారు. నమ్మానని ఎవరు చెప్పారు, అంటుంది.

ఈసారి పని నాటుకోళ్ల మీద. ఒకే రోజు పుట్టిన పిల్లల్లో సగం బోనుల్లో పెరిగాయి, సగం ఆరుబయట దొడ్డిలో. బోను కోళ్ల కాలికి ఎర్ర రింగు, దొడ్డి కోళ్లకు నీలం. నాలుగు నెలలు నిండాక కోసి, రోగాన్ని ఎదిరించే అవయవాలు తూచాలి. ప్లీహం, మెడ పక్కన థైమస్ గ్రంథి, తోక దగ్గరి చిన్న సంచి. పెంపకాన్ని బట్టి వాటి ఎదుగుదల మారుతుందా అన్నది ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మ ప్రశ్న.

మొదటి రోజు పన్నెండు కోళ్లు. ఏడోదానికి నీలం రింగు. ప్లీహం తూచి రాసింది. కాళ్లు పారేయబోయి ఆగింది. గోళ్లు పొడుగ్గా, కొన వంగి ఉన్నాయి. మట్టి గీరే కోడికి గోళ్లు అరిగిపోతాయి. తొమ్మిదోదీ ఇలాగే ఉంది.

దొడ్డి చూసేది ఆమె మరిది. నా పూచీ అని డాక్టరమ్మకు చెప్పి పని ఇప్పించింది ఆమే. మంచి కోళ్లు అమ్ముకుని ఏవో తెచ్చి కలిపాడా? ఆ కోళ్ల కాళ్లు కాగితంలో చుట్టుకుని దొడ్డికి వెళ్లింది.

"ఏంటి వదినా, ఇలా వచ్చావు? నేనేం చేయలేదు."

"అడగకముందే భుజాలు తడుముకుంటావేం?"

"నీ ముఖం చూస్తే దేవుడైనా తడుముకుంటాడు."

ఆమె నవ్వలేదు. కాగితం విప్పింది. "ఇవి దొడ్డి కోళ్లేనా?"

"ఓ, అవా! బోనులో మిగతావి పొడుస్తుంటే చూడలేక ఇటు తెచ్చా. ఇక్కడివి అన్నే అటు పెట్టా. లెక్క సరిపోయింది."

"మరి రింగు?"

"మార్చా. ఎరుపు బోనుది, నీలం దొడ్డిది. చోటు మారితే రింగు మారదా?"

ఆమె అతని కళ్లలో అబద్ధం వెతికింది. దొరకలేదు. దొరికితే బాగుండుననిపించింది.

"ఎప్పుడు?"

"పది రోజులైంది."

"ఎన్ని?"

"ఏడో, ఎనిమిదో."

"ఏవేవి?"

అతను గుంపు వైపు చూశాడు. "ఏమో వదినా. అన్నీ కోళ్లలాగే ఉన్నాయి."

చెబితే అతని పని పోవచ్చు. చెప్పకుండా ఇంకో వారం గడిస్తే మిగతా గోళ్లూ అరుగుతాయి, ఏది ఎక్కడ పెరిగిందో ఇక తేలదు. నాలుగు నెలల పెంపకం ఆమె చేతిరాతలో అబద్ధమవుతుంది.

"ఆ రెండు కోళ్ల తూకం కాగితాలూ చింపెయ్యి," అన్నాడు. "ఎవరికి తెలుస్తుంది?"

"నాకు."

"నువ్వు ఇంటి మనిషివేగా."

"అందుకే నా మీద నాకు అనుమానం."

మర్నాడు ఉదయం ఆమె తూకం గది తెరవలేదు. మరిదిని ఇంటి నుంచే వెంటబెట్టుకుని డాక్టరమ్మ గదికి బయల్దేరింది. వెనక వస్తే దారి తప్పుతాడేమోనని ముందు నడవమంది. తలుపు దగ్గర అతను ఆగిపోయాడు. "నువ్వే చెప్పు. నువ్వు వదిలేసింది నేను చెబుతా," అని ఆమె తలుపు తట్టింది.